నాగరత్నమ్మ గారిని మన వేదిక మీదకు పిలుద్దామా?



ఈసారి కాస్త పెద్ద వ్యాసమే రాస్తున్నాం. ఓపిగ్గా చివరిదాకా చదవమని మనవి. ఇది పాత చరిత్రే అయినా మన సంఘం వచ్చే ఏడాది తీసుకోవాల్సిన ఒక నిర్ణయంతో దీనికి సంబంధం ఉంది.

మొన్న ఉగాదికి ముందు సాంస్కృతిక కార్యక్రమాల జాబితా తయారు చేస్తుంటే మన పిల్లలు నలుగురు, తొమ్మిదీ పదీ చదివే ఆడపిల్లలు, ఒక చిన్న నాటిక వేస్తామని వచ్చారు. బెంగళూరు నాగరత్నమ్మ గారి మీద, ఇరవై నిమిషాల నాటిక. స్క్రిప్టు వాళ్లే రాసుకున్నారు. తెలుగు చదవడం వచ్చిన ఒక అమ్మాయి రాసి, చదవడం రాని మిగతా ముగ్గురికీ నోటితో నేర్పింది. మన పెద్దాయన ఒకరు విని, నొచ్చుకోకుండానే చెప్పారు. "బాగుందమ్మా, కానీ పండగ పూట దేవదాసి కథా, పుస్తకం నిషేధం గొడవా ఎందుకు? కళ వేరు, రాజకీయం వేరు. ఒక అన్నమయ్య కీర్తన పాడండి, ఒక కోలాటం వేయండి, అందరూ సంతోషిస్తారు." పిల్లలు సరేనన్నారు. కోలాటం బాగానే జరిగింది, చప్పట్లు కొట్టాం, పులిహోర తిని ఇళ్లకు వెళ్లాం.

ఆ పెద్దాయన మీద మాకు కోపం లేదు. ముప్పై ఏళ్లుగా ఈ సంఘం నడుస్తోందంటే ఆయన లాంటి వాళ్లు జేబులోంచి తీసి ఖర్చు పెట్టబట్టే. మా బాధ మా మీదే. ఆ రోజు మేమూ అక్కడే కూర్చున్నాం, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మాట తప్పని మనసులో అనిపించినా, ఎందుకు తప్పో అప్పటికప్పుడు చెప్పడం చేతకాలేదు. అందుకే ఇన్ని రోజులు చదివి, ఆలోచించి, ఇప్పుడు రాస్తున్నాం.

ముందు ఒక సంగతి. మనం ప్రతి జనవరిలో, పుష్య బహుళ పంచమికి, ఒక బస్సు మాట్లాడుకుని తిరువయ్యారు వెళ్తాం కదా. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి దగ్గర కూర్చుని పంచరత్నాలు వింటాం. ఆ అయిదింటిలో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ అచ్చంగా మన తెలుగు. వందల మంది తమిళ సోదరులు ఒక్క గొంతుతో తెలుగు పాడుతుంటే మన ఒళ్లు పులకరిస్తుంది. ఆ సమాధి మందిరం కట్టించింది ఎవరు? స్వామికి ఎదురుగా, చేతులు జోడించుకుని కూర్చున్న ఆ స్త్రీ విగ్రహం ఎవరిది? మన బస్సులో ఉన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆమే నాగరత్నమ్మ గారు. ఆమె డబ్బుతో లేచిన గుడిలో కూర్చుని మనం పాడతాం. ఆమె కథ మాత్రం మన పిల్లలు చెబితే పండగకు తగదంటాం.

ఇక కథలోకి వద్దాం.

నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి, దేవదాసి కులానికి చెందిన స్త్రీ. చిన్నతనంలోనే కష్టాలు చుట్టుముట్టినా తల్లి కూతురి చదువు మాత్రం ఆపలేదు. సంస్కృతం, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు నేర్పించింది. సంగీతం, నాట్యం సరేసరి. యవ్వనంలోనే మైసూరు, బెంగళూరుల్లో పేరు తెచ్చుకుని, తరవాత మద్రాసుకు వచ్చి స్థిరపడ్డారు. ఆ రోజుల మద్రాసు అంటే సగం తెలుగు ఊరు. అచ్చు యంత్రాలు అక్కడ, పండితులు అక్కడ, పత్రికలు అక్కడ, పాట కచేరీలు అక్కడ. నంజనగూడులో పుట్టి, బెంగళూరు పేరును ఇంటిపేరు చేసుకుని, మద్రాసులో గడించి, తిరువయ్యారులో కన్నుమూసిన మనిషి ఆమె. ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల సరిహద్దుల్లో ఆమె జీవితం ఎక్కడా ఇమడదు. మనలాగే. అందుకే ఆమెను ముందుగా గుర్తు చేసుకోవాల్సింది మనమే అంటున్నాం.

చదువుకునే అలవాటున్న నాగరత్నమ్మ గారికి ఒకసారి తిరుపతి వేంకట కవుల రచనలో ఒక కావ్యం ప్రస్తావన కనిపించింది. రాధికాసాంత్వనము. రాసింది ముద్దుపళని. ఈ ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న విదుషి, ఆమె కూడా దేవదాసి కులం మనిషే. ఒక్క క్షణం ఆగి ఇక్కడి పరిస్థితి గమనించండి. ఊరు తమిళం, రాజు మరాఠీ, కావ్యం తెలుగు. నాయక రాజుల కాలంలో రఘునాథుడు, విజయరాఘవుడు పోషించిన తెలుగును ఆ తరవాత వచ్చిన మరాఠా రాజులు కూడా వదల్లేదు. శహాజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. భాషకూ రాజ్యానికీ సరిహద్దులు ఒకటి కానక్కర్లేదని చెప్పడానికి తంజావూరు కన్నా పెద్ద సాక్ష్యం లేదు. మహారాష్ట్రలో ఉన్న మన తెలుగు సోదరులు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రాధికాసాంత్వనము కథ చిన్నది. రాధ తను పెంచి పెద్ద చేసిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. చేశాక విరహం భరించలేకపోతుంది. అలుగుతుంది, కోప్పడుతుంది. చివరకు కృష్ణుడు తిరిగివచ్చి ఆమెను ఊరడిస్తాడు. నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తెలుగులో అప్పటికే శృంగార ప్రబంధాలు లెక్కలేనన్ని ఉన్నాయి. కానీ వాటిలో స్త్రీ కోరిక గురించి మాట్లాడేది పురుషుడు. ఇక్కడ స్త్రీ కోరిక గురించి స్త్రీయే మాట్లాడింది. తేడా అంతా అక్కడే ఉంది.

నాగరత్నమ్మ గారు ఎంతో వెతికి అంతకుముందు అచ్చయిన ప్రతి ఒకటి సంపాదించారు. అది 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరించినది. తరవాత అసలు రాతప్రతి కూడా చేతికొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అచ్చు ప్రతిలో చాలా భాగాలు లేవు. పోయింది శృంగార పద్యాలు మాత్రమే కాదు. ముద్దుపళని తన గురించీ, తన వంశంలోని ఆడవాళ్ల గురించీ, వాళ్ల విద్వత్తు గురించీ గర్వంగా చెప్పుకున్న పీఠిక కూడా పోయింది. కవి ఎవరో చెప్పే గద్య కూడా పోయింది. ఈ సంగతి మమ్మల్ని ఆలోచనలో పడేసింది. అశ్లీలం అనే కారణం పీఠికకు వర్తించదు కదా. ఒక ఆడమనిషి తన తల్లులూ అమ్మమ్మల పేర్లు చెప్పుకుని, మేమూ చదువుకున్నవాళ్లమే అంటే అందులో తీసెయ్యాల్సింది ఏముంది? కత్తెర పట్టుకున్న చెయ్యి మాటను మాత్రమే కాక మనిషిని కూడా తీసేస్తుందని అక్కడ తెలుస్తుంది.

ఈ కావ్యం మీద అప్పటికే ఒక పెద్దమనిషి తీర్పు ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు తమ కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆమె కులాన్ని ఎత్తి చూపి, ఆ పుస్తకంలోని కొన్ని భాగాలు ఆడవాళ్లు వినదగినవి కావనీ, ఒక స్త్రీ నోట రాదగినవి కావనీ నిందించారు. వీరేశలింగం గారంటే మనకు చిన్న మనిషి కాదు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన వాడు. ఆడపిల్లల చదువు కోసం ఊరంతటితో తగవు పెట్టుకున్న వాడు. అలాంటి మనిషి కూడా ఒక చోట ఆగిపోయాడు. ఆయన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. మంచి ఉద్దేశంతో ఉన్నవాళ్లకు కూడా కనపడని మూల ఒకటి ఉంటుందనీ, కళ దీపం పెట్టేది సరిగ్గా అలాంటి మూలలోననీ చెప్పడానికే.

1910లో నాగరత్నమ్మ గారు రాధికాసాంత్వనాన్ని పూర్తి పాఠంతో, తన పీఠికతో, మద్రాసులోని వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారి ద్వారా అచ్చు వేయించారు. పీఠికలో వీరేశలింగం గారికి నేరుగా, మర్యాదగా, గట్టిగా జవాబిచ్చారు. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అన్నది ఆమె ప్రశ్న. ముద్దుపళని కులం కారణంగా తప్పయినది గొప్ప మగ కవులు రాస్తే ఎందుకు ఒప్పవుతుందని అడిగారు. పంతులు గారి సొంత రచనల్లో ఉన్న శృంగార వర్ణనలను కూడా గుర్తు చేశారు.

అనుకున్నట్టే దుమారం లేచింది. ఒక వేశ్య రాస్తే ఇంకొక వేశ్య అచ్చు వేయించిందన్న అర్థం వచ్చేట్టు ఒక పత్రిక రాసింది. 1911లో ప్రభుత్వం రంగంలోకి దిగింది. ప్రభుత్వ అనువాదకుడి చేత అభ్యంతరకరమని తోచిన పద్యాలను ఇంగ్లీషులోకి చేయించుకుని, అశ్లీలమని తేల్చి, వావిళ్ల వారి దగ్గర ప్రతులు స్వాధీనం చేసుకుంది. దీంతోపాటు వావిళ్ల వారు వేసిన ఇంకొన్ని తెలుగు శృంగార ప్రబంధాల మీద కూడా వేటు పడింది. పండితులు విజ్ఞప్తులు పంపారు. వావిళ్ల వారు పోరాడారు. ఫలితం లేకపోయింది. ప్రతులు నాశనమయ్యాయి, పుస్తకం నిషిద్ధమైంది.

ఇక్కడ "కళ వేరు, రాజకీయం వేరు" అన్న మాటను ఒకసారి పరీక్షించి చూద్దాం. రాధ అలిగిన కథలో రాజకీయం ఎక్కడుంది? ముద్దుపళని ఏ రాజునూ తిట్టలేదు. నాగరత్నమ్మ గారు ఏ పార్టీలోనూ చేరలేదు. అయినా పోలీసులు వచ్చారు. తెలుగు రాని దొర, అనువాదకుడు చేసిచ్చిన నాలుగు ముక్కలు చదివి, ఒక భాషలో ఏ కావ్యం బతకాలో ఏది చావాలో తేల్చాడు. రాజకీయానికి దూరంగా ఉందామని కళ అనుకున్నా రాజకీయం కళకు దూరంగా ఉండదు. ఏది చదవాలి, ఎవరు రాయాలి, ఎవరు పాడాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అని నిర్ణయించే ప్రతి చోటా రాజకీయం ఉంది. ఓట్లు వేయడం అందులో చిన్న భాగం మాత్రమే.

ఆ నిషేధం దాదాపు ముప్పై అయిదేళ్లు ఉంది. చివరకు మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో, స్వాతంత్ర్యం వాకిట్లోకి వచ్చిన వేళ, నిషేధం తొలిగింది. 1952లో వావిళ్ల వారు పుస్తకాన్ని మళ్లీ వేశారు. అదే ఏడాది మే నెలలో నాగరత్నమ్మ గారు కాలం చేశారు.

మధ్యలో ఆమె ఊరుకున్నారా? లేదు. ఇప్పుడు తిరువయ్యారు సంగతికి వద్దాం.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. కాలక్రమంలో ఆ సమాధి పట్టించుకునే నాథుడు లేక శిథిలమైపోయింది. శిష్యులు ఏటా ఆరాధన మొదలుపెట్టినా, పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలయ్యాయి. ఒకరితో ఒకరికి పడదు. అయితే ఒక్క విషయంలో రెండు వర్గాలకూ భేదం లేదు. ఆడవాళ్లు అక్కడ పాడకూడదు. దేవదాసి కులం వాళ్లయితే అసలే కూడదు.

సమాధి పరిస్థితి తెలిసి నాగరత్నమ్మ గారు తన సంపాదనంతా అక్కడ పెట్టారు. చుట్టుపక్కల స్థలం సంపాదించారు. 1921లో పునాది వేయించి, 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిపించారు. గుడి కట్టిన మనిషికి ఆ గుడి ముందు పాడే హక్కు లేదు. ఆమె కోర్టు మెట్లెక్కి మందిరాన్ని మూయించలేదు, అలిగి మద్రాసు వెళ్లిపోలేదు. మందిరం వెనక భాగంలో ఆడవాళ్లను కూడగట్టి, తానే హరికథ చెప్పి, తమ ఆరాధన తాము మొదలుపెట్టారు. దానికి పెణ్గళ్ కట్చి, అంటే ఆడవాళ్ల వర్గం అని పేరు వచ్చింది. ముందు రెండు వర్గాలు పోట్లాడుకుంటుంటే వెనక మూడో వర్గం పాడుకుంటూ ఉంది. ఏళ్లు గడిచాయి. 1940లో వర్గాలు ఒక్కటయ్యాయి. 1941 నుంచి అందరి ఆరాధన ఒకటే అయింది, అందులో ఆడవాళ్లకూ చోటు దక్కింది. ఈనాడు మన ఇంటి ఆడపిల్లలు తిరువయ్యారులో కూర్చుని పంచరత్నాలు అందుకుంటున్నారంటే, ఆ చోటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఒక మనిషి పద్నాలుగేళ్లకు పైగా వెనక నుంచి పాడి పాడి ముందుకు తెచ్చుకున్నది.

ఏ చట్టసభా ఈ మార్పు తేలేదు. పాట తెచ్చింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే మేము సగం చరిత్రే చెప్పినట్టు అవుతుంది. రెండో సగం కూడా చెప్పాలి. అది మనకు అంత సుఖంగా ఉండదు.

1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన మొదటి మహిళ. ఆమె తల్లి చంద్రమ్మాళ్ కూడా దేవదాసి కుటుంబం నుంచి వచ్చిన మనిషే. ఆడపిల్లలను దేవుడికి అంకితం చేసే ఆచారం పేరుతో జరుగుతున్న అన్యాయం ఆమెకు ఇంట్లోంచే తెలుసు. ఆ ఆచారాన్ని చట్టంతో ఆపాలని పట్టుబట్టారు. అప్పుడు నాగరత్నమ్మ గారు మద్రాసు రాజధానిలోని దేవదాసీలను సంఘంగా కూడగట్టి, ఆ ప్రతిపాదనను వ్యతిరేకించారు. మమ్మల్ని వ్యభిచారులతో ఒకే గాటన కట్టకండి, మా విద్యనూ మా ఆస్తి హక్కులనూ లాక్కోకండి, చదువు చెప్పించండి, బాగుపడతాం అన్నది వాళ్ల వాదన సారాంశం. ఇంకోవైపు మూవలూరు రామామిర్తం అమ్మాళ్ గారు, ఆమె కూడా ఆ సమాజంలోంచే వచ్చి, ఊరూరా తిరిగి ఆ ఆచారం పోవాలని పోరాడారు. 1936లో తమిళంలో ఒక నవల రాసి ఆ జీవితంలోని మోసాన్ని బట్టబయలు చేశారు. చివరకు 1947లో చట్టం వచ్చింది.

ఎవరిది ఒప్పు? మా మట్టుకు మాకు చెప్పాలంటే, పసిపిల్లలను అంకితం చేసే ఆచారం పోవాల్సిందే. అందులో ముత్తులక్ష్మి గారిదీ రామామిర్తం అమ్మాళ్ గారిదీ న్యాయం. కానీ ఆచారంతో పాటు ఆ ఆడవాళ్ల పేరు, విద్య, గౌరవం కూడా తుడిచిపెట్టుకుపోతాయన్న నాగరత్నమ్మ గారి భయం నిజమైంది. అందులో ఆమెది న్యాయం. ఇద్దరి మాటా వినే ఓపిక అప్పటి సమాజానికి లేకపోయింది. గమనించండి, ఈ చర్చలో రెండు వైపులా కళ ఉంది. ఒకామె పాత కావ్యాన్ని అచ్చు వేసి వాదించింది. ఇంకొకామె కొత్త నవల రాసి వాదించింది. కళ ఎప్పుడూ ఒకే పక్షం వహిస్తుందని మేము అనడం లేదు. చట్టం చేసేవాళ్లకూ పత్రిక రాసేవాళ్లకూ కనపడని మనుషులను ఎదురుగా తెచ్చి నిలబెడుతుంది. వాళ్లను చూశాక మనం ఏం చేయాలన్నది మన బాధ్యత.

దీంట్లో మన భాష నష్టం కూడా ఉంది. క్షేత్రయ్య పదాలు రెండు మూడు వందల ఏళ్లు తమిళదేశంలో ఎవరి గొంతుల్లో బతికాయి? చాలావరకు ఈ ఆడవాళ్ల గొంతుల్లోనే. వీణ ధనమ్మాళ్ ఇంట్లో ఆ పదాలు పాఠంగా తరానికి తరం సాగాయి. ఆమె మనవరాలి కూతురో కొడుకో కాదు, సాక్షాత్తూ ఆమె మనవరాలు బాలసరస్వతి గారు వాటిని అభినయించి ప్రపంచమంతా తిరిగారు. అదే 1930లలో సదిర్ అనే ఆ నాట్యం భరతనాట్యం అయింది, కొత్త కుటుంబాల పిల్లలు నేర్చుకోవడం మొదలైంది, 1936లో కళాక్షేత్ర వచ్చింది. నాట్యం నిలబడింది, మంచిదే. కానీ శృంగార పదాలు ఇబ్బందికరమని చాలా చోట్ల పక్కకు జరిగాయి. పక్కకు జరిగింది తెలుగు పదం. ఈ గడ్డ మీద తెలుగును మోసిన ఆడవాళ్లను మర్చిపోతే, ఇక్కడ తెలుగు ఎలా బతికిందో మనం మన పిల్లలకు ఎలా చెప్పగలం? రాజుల పేర్లు చెబుతాం, శాసనాలు చూపిస్తాం. పాటను గొంతులో దాచుకున్నవాళ్ల పేరు చెప్పడానికి మాత్రం సిగ్గుపడతాం.

ఇది ఒక్క నాగరత్నమ్మ గారి కథే అనుకోకండి. మన బళ్ళారి వైపు చూడండి. బళ్ళారి రాఘవ గారు వృత్తికి వకీలు, ప్రాణం నాటకం. ఆడవేషాలు మగవాళ్లు వేసే కాలంలో ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న కుటుంబాల స్త్రీలను రంగస్థలం మీదకు తెచ్చారు. కొమ్మూరి పద్మావతీ దేవి గారు ఆయన పక్కన నటించారు. ఆ రోజుల్లో దానికి పడిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఆ రాఘవ గారే 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డ సినిమాలో నటించారు. జమీందారీ పెత్తనం కింద నలిగిన రైతు కథ అది. జమీందార్లు మండిపడ్డారు, కొన్ని చోట్ల ప్రదర్శన ఆపించారు. ఆ సినిమా తీసింది మద్రాసులో. నటుడిది బళ్ళారి. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇవాళ తెలుగు రంగస్థల చరిత్ర రాస్తే బళ్ళారి పేరు లేకుండా మొదటి పుట కూడా సాగదు.

గరిమెళ్ల సత్యనారాయణ గారి సంగతీ అంతే. తెల్లదొరతనం మీద ఒక్క పాట రాసినందుకు జైలుకు పంపారు. తెలుగు రాని కలెక్టర్లను కూడా భయపెట్టిన పాట అది. ఆయన చివరి రోజులు మద్రాసులో, పేదరికంలో గడిచాయి. 1952లో పోయారు. నాగరత్నమ్మ గారు పోయిన ఏడాదే. బతికుండగా చూడని మనం పోయాక పాట మాత్రం పంద్రాగస్టుకు పాడుకుంటాం.

ఈ మూడు కథల్లోనూ ఒకే క్రమం కనిపిస్తుంది. మొదట ఇది కళ కాదంటారు. తరవాత కళే కానీ ఇప్పుడు సమయం కాదంటారు. తరవాత అచ్చు ఆపుతారు, లేదా ఆట ఆపుతారు. ఒక తరం గడిచాక విగ్రహం పెడతారు. విగ్రహం పెట్టాక ఆ మనిషి అడిగిన ప్రశ్నను మర్చిపోతారు. దండ వేయడం తేలిక, ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం.

ఈ కాలంలో నిషేధాలకు పోలీసులు కూడా అక్కర్లేదు. ఎవరో నొచ్చుకుంటారేమో అన్న భయం చాలు. ఫోన్లో ఒక ముక్క వీడియో తిరుగుతుంది, ముందు వెనకలు తెలియకుండానే వెయ్యి మంది తీర్పు చెబుతారు. 1911లో దొర నాలుగు పద్యాల అనువాదం చూసి కావ్యం మీద తీర్పు చెప్పాడు కదా, మనం ముప్పై సెకన్లు చూసి చెబుతున్నాం. పెద్ద తేడా లేదు. దాంతో రాసేవాళ్లు రాయకముందే కొట్టేసుకుంటున్నారు. నిర్వాహకులు అడగకముందే వద్దంటున్నారు. మన నలుగురు పిల్లల విషయంలో జరిగిందీ ఇదే. ఎవరూ గద్దించలేదు, ఎవరూ కాగితం చింపలేదు. మెల్లగా, ప్రేమగా, పులిహోర వాసనలో ఒక కథ ఆగిపోయింది.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పొరుగు రాష్ట్రంలో తరాలుగా ఉంటున్న మనకు గొడవలంటే సహజంగా భయం ఎక్కువ. ఇక్కడివాళ్లతో కలిసిమెలిసి ఉండాలి, మన పేరు మీద ఏ వివాదం రాకూడదు అనుకుంటాం. ఆ జాగ్రత్త తప్పు కాదు. మన తాతలు అలాగే బతికి మనల్ని ఇక్కడ నిలబెట్టారు. కానీ పిల్లలు తెలుగు ఎందుకు నేర్చుకోవాలి అని అడిగినప్పుడు మనం ఏం చూపిస్తున్నాం? కోలాటం, పంచె, పులిహోర. ఇవన్నీ ఉండాలి. వీటితో పాటు ఈ భాషలో ఒక ఆడమనిషి ప్రభుత్వాన్నీ పండితులనూ ఎదిరించి నిలబడిందని తెలిస్తేనే ఆ పదిహేనేళ్ల పిల్ల ఇది నా భాష అనుకుంటుంది. ఆలోచించడానికి పనికొచ్చే భాషనే పిల్లలు ఉంచుకుంటారు. పండగకు మాత్రమే పనికొచ్చే భాష పండగ బట్టల్లాగే బీరువాలోకి వెళ్లిపోతుంది.

ఆ అమ్మాయిల స్క్రిప్టు మేము అడిగి తెప్పించుకుని చదివాం. అందులో రాధ లేదు, శృంగారం లేదు. ఒకే సంఘటన ఉంది. గుడి కట్టించిన ఆమె గుడి వెనక నిలబడి ఉంటుంది. ముందు వైపు మగవాళ్లు రెండు గుంపులుగా వాదించుకుంటుంటారు. ఆమె పాడటం మొదలుపెడుతుంది. ఒక్కొక్కరే వాదన ఆపి అటు తిరుగుతారు. అంతే నాటిక. పదో తరగతి పిల్ల రాసింది. దీన్ని చూసి ఎవరు నొచ్చుకుంటారు చెప్పండి?

కాబట్టి కార్యవర్గానికి మా విన్నపం ఇది. వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు చర్చకు పెట్టండి. ఒకటి, వచ్చే ఉగాదికి ఆ నాటిక వేయించాలి. కోలాటం తీసేయమని మేము అనడం లేదు, రెండూ ఉండాలి. రెండు, జనవరిలో తిరువయ్యారు బస్సు కదిలే ముందు అరగంట సేపు నాగరత్నమ్మ గారి కథ అందరికీ చెప్పాలి. స్వామికి దండం పెట్టాక ఎదురుగా ఉన్న ఆమె విగ్రహం దగ్గర కూడా మనవాళ్లు ఆగాలి. మూడు, పిల్లల రచనలను వద్దనే ముందు వాళ్లను కూర్చోబెట్టి పూర్తిగా వినాలి. విన్నాక కూడా వద్దనిపిస్తే కారణం చెప్పాలి. కారణం వాళ్లకు నచ్చకపోతే వాళ్ల జవాబు కూడా వినాలి. వీరేశలింగం గారంతటి వాడికే నాగరత్నమ్మ గారు జవాబిచ్చారు. మనం ఆయన కన్నా పెద్దవాళ్లం కాదు.

ఆ పెద్దాయనకు ఈ వ్యాసం మేమే స్వయంగా చదివి వినిపించాం, ఇక్కడ పెట్టకముందే. చివరిదాకా విన్నారు. కాసేపు ఊరుకుని, "ఆ సమాధి ఆమె కట్టించిందని నాకు తెలీదయ్యా. ఇరవై సార్లు వెళ్లాను" అన్నారు. తరవాత, నాటికలో ముందువైపు వాదించుకునే పెద్దమనుషుల వేషం ఒకటి ఖాళీ ఉందా అని అడిగారు.

ఖాళీ ఉందని చెప్పాం.